పశువుల డాక్టరుతో ప్రశ్నలు, జవాబులు: మంగోలియా మార్మోట్, మన చేలో ఎలుక

పోయిన సంచికలో, మంగోలియాలో మార్మోట్ అనే బొరియ జంతువును వేటాడి తినడం గురించి, దానివల్ల వచ్చే ప్లేగు గురించి నాలుగు వాక్యాలు రాశాను. గొర్రెల టీకాల గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. పొట్టేళ్ల దాణా గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: డాక్టరు గారూ, గుంతకల్లు దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ టీచరుని. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. మంగోలియాలో ఎవరో పెద్ద ఎలుకలాంటి జంతువు కడుపులో బాగా కాలిన రాళ్లు వేసి, పైన మంటతో కాలుస్తున్నారు. "ఛీ, ఎలుకను తింటున్నారు" అని పిల్లలు ఒకటే నవ్వు. మీరు రాసిన మార్మోట్ అదేనా? నిజంగానే తింటారా?

జవాబు: అదేనమ్మా. నిజంగానే తింటారు, ఇష్టంగా తింటారు, వందల ఏళ్లుగా తింటున్నారు. అయితే దాన్ని ఎలుక అనడం సరికాదు. మార్మోట్ ఉడుతల కుటుంబానికి చెందింది. చెట్టెక్కకుండా, నేలలో బొరియ తవ్వుకుని బతికే పెద్ద ఉడుత అని పిల్లలకు చెప్పండి. మంగోలియాలో ఎక్కువగా ఉండే రకాన్ని తర్బగన్ అంటారు. మామూలుగా ఆరేడు కిలోలు తూగుతుంది, బాగా కొవ్వెక్కితే ఎనిమిది దాకా ఉంటుంది.

అది బతికే చోటు స్టెప్పీ మైదానం. చెట్టన్నది కనబడదు, కనుచూపు మేర గడ్డే. నందికొట్కూరు దాటి రోళ్లపాడు గడ్డి బీళ్లు చూసినవాళ్లకు కొంత ఊహకు అందుతుంది. అక్కడి చలి మాత్రం మన ఊహకు అందదు. చలికాలంలో సున్నాకు ముప్పై, నలభై డిగ్రీలు కిందికి పోతుంది. తర్బగన్ సెప్టెంబరు, అక్టోబరు కల్లా కుటుంబం మొత్తంతో బొరియలోకి దిగి, లోపలి నుంచి మట్టి, రాళ్లతో దారి మూసేసి నిద్రపోతుంది. మళ్లీ బయటికి వచ్చేది మార్చి, ఏప్రిల్‌లోనే. అన్ని నెలలూ తిండి ఉండదు. ఒంటి వేడి బాగా పడిపోతుంది, గుండె నిమిషానికి కొన్నిసార్లే కొట్టుకుంటుంది. వేసవిలో గడ్డి తిని కూడబెట్టిన కొవ్వే దానికి ఆధారం. వేటగాడి కన్ను ఉండేదీ ఆ కొవ్వు మీదే. దాన్ని కాచి తీసిన నూనెను కాలిన పుండ్లకు, చలికి దెబ్బతిన్న చర్మానికి రాస్తారు. తోలు మెత్తబడడానికీ పూస్తారు.

మంగోలియాలో మనుషులు 35 లక్షల మంది, పశువులు దాదాపు ఆరు కోట్లు. గొర్రెలు, మేకలు, ఆవులు, యాక్‌లు, గుర్రాలు, ఒంటెలు. ఇన్ని ఉండగా అడవి జంతువు జోలికి ఎందుకు పోవడం అని మీకు అనిపించవచ్చు. మన కళ్యాణదుర్గం కాపరినే అడిగి చూడండి, మందలో గొర్రెను కోసుకుని తినడానికి ఎంత వెనకాడతాడో! గొర్రె అంటే అతనికి బ్యాంకులో వేసిన డబ్బు. మార్మోట్‌కు మేత పెట్టే పనీ లేదు, ఖర్చూ లేదు. ఎండాకాలం చివర అది దొరికితే ఒక గొర్రె మిగిలినట్టే. మంద లేని పేదవాడికి దాని అవసరం ఇంకా ఎక్కువ. చెంఘిజ్ ఖాన్ చిన్నప్పుడు తండ్రి చనిపోయి, అయినవాళ్లు వదిలేసి పోయినప్పుడు ఆ కుటుంబం మార్మోట్లూ చిన్న ఎలుకలూ పట్టుకుని బతికిందని మంగోలుల పాత చరిత్రలో ఉంది. మన మోటుపల్లి రాణి గురించి రాసిన మార్కో పోలో కూడా, అక్కడి మైదానాల్లో జనం ఈ జంతువుల్ని తినడం గురించి రాశాడు.

వేట ఎలా చేస్తారో నాకు ఒక మంగోలు పశువైద్యుడు చేసి చూపించాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉత్తరాదిలో ఒక ట్రైనింగ్‌కి వెళ్తే, అదే బ్యాచ్‌లో అతనూ ఉన్నాడు. ఇద్దరం గొర్రెల మధ్య పనిచేసేవాళ్లమే, తొందరగా కలిసిపోయాం. ఒక సాయంత్రం హాస్టల్ వరండాలో తెల్ల టవల్ చేతికి తీసుకుని నన్ను ఆ మూల నిలబెట్టాడు. "నువ్వు మార్మోట్‌వి, కదలకు" అన్నాడు. మోకాళ్లు వంచి రెండడుగులు కుడికి వేశాడు, ఒకడుగు ఎడమకు. టవల్ తల మీద గుండ్రంగా తిప్పాడు. టక్కున ఆగి కింద కూర్చున్నాడు. మళ్లీ లేచి టవల్‌ను పక్కకు ఊపాడు. నిజం చెబుతున్నాను, నా కళ్లు ఆ టవల్ వెంటే తిరిగాయి. అతను ఎప్పుడు నా ముందుకు వచ్చాడో నాకు తెలియలేదు.

అసలు వేటలో ఆ టవల్ స్థానంలో దలూర్ అని ఉంటుంది, యాక్ తోక వెంట్రుకలతో కట్టిన తెల్లటి కుచ్చు. వేటగాడు తెల్ల బట్టలు కట్టి, నిక్కబొడిచిన చెవులున్న టోపీ పెట్టుకుంటాడు. మార్మోట్ బొరియ ముందున్న మట్టి దిబ్బ ఎక్కి, వెనక కాళ్ల మీద నిలబడి చుట్టూ చూస్తుంది. తోడేలో గద్దో కనబడితే ఈల వేసి లోపలికి దూరిపోతుంది. ఈ తెల్లగా ఎగిరే వింత ఏమిటో మాత్రం దానికి అర్థం కాదు. ఈల వేస్తూనే నిలబడి చూస్తుంది. ఆ చూపు తెగకుండా అడుగు అడుగూ దగ్గరికి వెళ్లి కొట్టాలి. గురి తప్పి, దెబ్బతిన్న జంతువు బొరియలో పడితే ఇక దొరకదు.

వీడియోలో మీరు చూసిన వంట పేరు బోదోగ్. తల తీసి, మెడ దగ్గరి నుంచి ఎముకలు, పేగులు బయటికి లాగుతారు. చర్మం ఎక్కడా చిరగకూడదు. ఆ తోలు తిత్తిలోకి మాంసం, ఉప్పు, ఉల్లిగడ్డలు, నిప్పుల్లో కాల్చిన గుండ్రాళ్లు వేసి మెడను తీగతో బిగించి కడతారు. లోపల రాళ్ల వేడికి మాంసం ఉడుకుతుంటే, బయట మంటతో బొచ్చు కాల్చి కత్తితో గీకుతారు. అనంతపురంలో తలకాయ, కాళ్లు కాల్చి ఇచ్చేవాళ్లు వాడే గ్యాస్ మంటలాంటిదే ఇప్పుడు వాళ్లూ వాడుతున్నారు. ఉడికాక ముందు రాళ్లు తీసి, జిడ్డుతో వేడివేడిగా ఉన్నవాటిని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకుంటారు. ఒంటికి మంచిదని నమ్మకం. మేకతోనూ బోదోగ్ చేస్తారు.

పిల్లలకు ఈ కథ కూడా చెప్పండి. ఒకప్పుడు ఆకాశంలో ఏడుగురు సూర్యులు ఉండేవారట. లోకం మాడిపోతుంటే ఎర్ఖీ మెర్గెన్ అనే విలుకాడు ఏడు బాణాలతో ఏడుగురినీ కూలుస్తానని, ఒక్కటి తప్పినా బొటనవేలు కోసుకుని, మంచినీళ్లు తాగకుండా నేల కింద బతుకుతానని ఒట్టు వేశాడు. ఆరుగురిని కొట్టాడు. ఏడో బాణానికి వానకోవెల అడ్డం వచ్చింది. బాణం దాని తోకను చీల్చింది, మిగిలిన సూర్యుడు కొండ చాటుకు పోయాడు. ఆ విలుకాడే మార్మోట్ అయ్యాడు. ముందు కాలికి నాలుగు వేళ్లే కనబడడం అందుకేనని, పొద్దున, సాయంత్రం బయటికి వచ్చి నిలబడేది సూర్యుణ్ణి కొట్టడానికేనని చెప్పుకుంటారు. మన ఉడుత వీపు మీద రాముడి వేళ్లు ఉన్నట్టే.

ఈ కథ వెంట ఒక నియమం ఉంది. మార్మోట్ చంక దగ్గర కొంత భాగాన్ని మనిషి మాంసం అంటారు. విలుకాడి ఒంట్లో మిగిలిపోయిన మనిషి భాగం అన్నమాట. దాన్ని కోసి పారేస్తారు, ఎవరూ తినరు. అలాగే మందకొడిగా నడిచేదాన్ని, ఈల వెయ్యనిదాన్ని, మనిషిని చూసి కూడా బొరియలోకి పోనిదాన్ని ముట్టుకోరు. మా మంగోలు మిత్రుడు దీన్ని చాలా గట్టిగా చెప్పాడు. "సులభంగా దొరికేదాన్ని మా నాన్న పట్టనిచ్చేవాడు కాదు" అన్నాడు. చంకలో లింఫ్ గ్రంథులు ఉంటాయి. ప్లేగు గడ్డ లేచే చోట్లలో అదొకటి. సూక్ష్మజీవి పేరు ఎవరికీ తెలియని రోజుల్లోనే ఆ కాపరులు ఇంత దూరం గమనించారని నేను నమ్ముతున్నాను. పశువైద్యుడిగా నాకు వాళ్ల మీద గొప్ప గౌరవం.

పిల్లల నవ్వు గురించి కూడా చెప్పాలి. మన జిల్లాల్లోనే చేను ఎలుకల్ని తినే ఇళ్లు ఉన్నాయి. మీ తరగతిలో యానాదుల పిల్లో ఎరుకల పిల్లవాడో కూర్చుని ఉండవచ్చు. ఆ "ఛీ" మంగోలియా దాకా పోదు, పక్క బెంచీలోనే తగులుతుంది. ఆ మాట మీరే వాళ్లకు చెప్పండి, టీచరు చెబితే వింటారు.

ప్రశ్న: సార్, కడపలో నర్సింగ్ చదువుతున్నాను. ప్లేగు ఎలుకల వల్ల వస్తుందని చదువుకున్నాం. మార్మోట్ వల్ల ఎలా వస్తుంది? ఇప్పటికీ ప్లేగు ఉందా?

జవాబు: ఉంది తల్లీ. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనిపెట్టాడు. ఎలుక నుంచి మనిషికి దాన్ని చేర్చేది ఎలుక ఒంటి మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగు అని 1898లో పాల్ లూయీ సిమోన్, అప్పట్లో మన దేశంలోనే ఉన్న కరాచీలో చూపించాడు. ఊళ్లలో ఎలుకలు చచ్చిపోవడం మనకు కనబడుతుంది కాబట్టి ఎలుక పేరు వచ్చింది. క్రిమి అసలు కాపురం మాత్రం అడవిలో, బీళ్లలో బొరియల్లో బతికే జంతువుల్లో. మధ్య ఆసియాలో వాటిలో ముఖ్యమైనది మార్మోట్.

వేటగాడికి మూడు దారుల్లో అంటుకోవచ్చు. దాని ఒంటి మీది పురుగు కుట్టి. తోలు తీసేటప్పుడు చేతి మీది గాయం గుండా. పచ్చిగా తిని. బాగా ఉడికితే క్రిమి చస్తుంది, కాబట్టి వండిన కూర కంటే కోసే కత్తి దగ్గరే ప్రమాదం ఎక్కువ. 2019లో పశ్చిమ మంగోలియాలోని బయాన్ ఒల్గీ ప్రాంతంలో భార్యాభర్తలు ఇద్దరు మార్మోట్ పచ్చి మాంసం, మూత్రపిండం తిన్నారు. ఆరోగ్యానికి మంచిదని నమ్మారు పాపం. ఇద్దరూ ప్లేగుతో పోయారు. ఆ ఊరిని ఆరు రోజులు దిగ్బంధం చేశారు, విదేశీ టూరిస్టులు కూడా అందులో చిక్కుకున్నారు.

ఊపిరితిత్తుల ప్లేగు అయితే దగ్గుతోనే మనిషి నుంచి మనిషికి పోతుంది. 1910లో మంచూరియాలో జరిగింది అదే. నర్సు కాబోయేదానివి, ఇది నీకు తెలిసి ఉండాలి. మార్మోట్ బొచ్చుకు రంగు వేసి సేబుల్ అనే జంతువు ఖరీదైన బొచ్చులా అమ్మే పద్ధతి యూరప్‌లో వచ్చింది. తోలు ధర కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగింది. చైనాలోని షాన్‌డాంగ్ లాంటి చోట్ల నుంచి పని కోసం వేలమంది బయలుదేరి వచ్చారు. వాళ్లకు ఆ మైదానం కొత్త, జంతువు కొత్త. ఈల వెయ్యనిదాన్ని ముట్టుకోకూడదని చెప్పే పెద్దలు పక్కన లేరు. జబ్బు చేసి తూలుతున్న మార్మోటే చేతికి సులభంగా దొరుకుతుంది, తోలు తోలే కదా అని తీశారు. రాత్రి ఇరుకు సత్రాల్లో ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు. మంచూలీ అనే రైల్వే ఊళ్లో మొదలై, రైలు వెంట హార్బిన్ చేరి, అక్కడి నుంచి దక్షిణానికి దిగింది. కొన్ని నెలల్లో సుమారు 60,000 మంది చనిపోయారు.

దాన్ని ఆపడానికి వెళ్లింది పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన డాక్టర్ వూ లియెన్ తే. అప్పటికి ముప్పై దాటుతున్న వయసు. ఇది గాలిలో, దగ్గు తుంపర్లలో పోతోందని ఆయన శవపరీక్ష చేసి తేల్చాడు. గుడ్డ పొరల మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కు అందరికీ కట్టించాడు. ఆ మాట నమ్మక, మాస్కు లేకుండా వార్డులోకి వెళ్లిన ఒక పేరుమోసిన ఫ్రెంచి డాక్టరు కొద్ది రోజుల్లోనే ప్లేగుతో చనిపోయాడు. నేల గడ్డకట్టి గోతులు తవ్వడానికి వీలుకాక పేరుకుపోయిన రెండు వేలకు పైగా శవాలను, చక్రవర్తి అనుమతి తెప్పించి, 1911 జనవరి చివర్లో కాల్పించాడు. వసంతం వచ్చేసరికి జబ్బు ఆగింది. కరోనాలో మనం కట్టుకున్న మాస్కు వెనక ఈ మనిషి పని ఉంది.

మన దగ్గరికి వస్తే, ప్లేగు 1896లో బొంబాయిలో, 1898లో బెంగళూరులో పడింది. బెంగళూరుకు దగ్గరగా ఉన్న మన సీమ దాన్ని తప్పించుకోలేదు. ఇంట్లో ఎలుక చచ్చి పడితే చాలు, గింజలు, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరు ఊరంతా చేలల్లో గుడిసెలు వేసుకుందని మా అవ్వ చెప్పేది. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. 1994లో సూరత్‌లో మళ్లీ వచ్చినప్పుడు దేశమంతా ఎంత టెన్షన్ పడిందో మీ అమ్మానాన్నల్ని అడుగు. కోలారు, చిత్తూరు, ధర్మపురి జిల్లాలు కలిసే చోట పాతకాలం నుంచి ప్లేగు తావు ఉంది, అక్కడ బీడు ఎలుకల మీద ప్రభుత్వ నిఘా కూడా పెట్టారు. భయపడాల్సిన పని లేదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులకు లొంగే జబ్బే, అయితే తొందరగా పట్టుకోవాలి. గజ్జల్లోనో చంకలోనో నొప్పితో గడ్డ, విపరీతమైన జ్వరం ఉన్న మనిషి వస్తే, ఎలుకలు చచ్చిన చోటు నుంచి వచ్చాడేమో అడగడం అలవాటు చేసుకో. అడిగేది చాలాసార్లు నర్సే.

ప్రశ్న: కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. తర్బగన్ అంతరించిపోతున్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని వేటాడి తినేవాళ్లను మీరు మెచ్చుకుంటున్నట్టు రాశారు. ఇది న్యాయమా?

జవాబు: నాయనా, కోపంగా అడిగినా మంచి ప్రశ్న అడిగావు. జాబితాలో ఉన్న మాట నిజం. 1940ల్లో మంగోలియాలో నాలుగు కోట్లకు పైగా ఉండేవని అంచనా. 1990 నాటికి రెండు కోట్లు. 2002 నాటికి యాభై లక్షలు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2008లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. మంగోలియా ప్రభుత్వం 2005 నుంచి వేట నిషేధం పెడుతూ వచ్చింది. నిషేధం ఉన్నప్పుడు వేటాడడం తప్పే, అది ఎంత పాత ఆచారమైనా సరే. చాటుగా వేటాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకు రాను.

కానీ ఆ నాలుగు కోట్లను యాక్ తోక ఊపుకుంటూ వెళ్లిన మనిషి తినేశాడా? 1906 నుంచి 1994 వరకు పది కోట్లకు పైగా తోళ్లు సేకరించారు. అవి కోట్లకు, టోపీలకు దేశం దాటి పోయాయి. 1990 తర్వాత సోవియట్ కాలపు ఉద్యోగాలు పోయి, జీతాలు పోయి, ఇంటింటా తుపాకీ పట్టుకున్నారు. కొనేవాళ్లు సరిహద్దు దగ్గర కాచుకుని ఉన్నారు. ఇంటిల్లిపాది తినడానికి కావలసింది ఏడాదికి కొన్ని జంతువులు. సంతకు కావలసినదానికి అంతు లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు.

మార్మోట్ పోతే పోయేది అదొక్కటే కాదు. అది వదిలేసిన బొరియల్లో నక్కలు, అడవి పిల్లులు పిల్లల్ని పెడతాయి. అది తోడి పోసిన మట్టి మీద వేరే రకం గడ్డి మొలుస్తుంది. మీ కర్నూలు పక్కనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యం చేశారు. చుట్టుపక్కల బీళ్లు పోయి పంటలు వచ్చాయి, ఇప్పుడు ఆ పిట్ట కనబడడం గగనమైపోయింది. గడ్డి నేలంటే మనకు ఎప్పుడూ ఖాళీ నేలే. వీలు చూసుకుని ఒకసారి రోళ్లపాడు వెళ్లు. కృష్ణజింకలు ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో బంగారు వ్యాపారం చేస్తాను. పోయిన ఏడాది కుటుంబంతో లద్దాఖ్ వెళ్తే పాంగాంగ్ దారిలో ఇలాంటి జంతువులే దగ్గరికి వచ్చాయి. పిల్లలు బిస్కెట్లు పెట్టారు. మీ రాత చదివాక భయం పట్టుకుంది.

జవాబు: అయ్యా, భయం వదిలేయండి. ఏడాది గడిచింది, ఏమీ కాలేదు, ఇక కాదు. మీరు చూసింది హిమాలయ మార్మోట్, తర్బగన్‌కు దగ్గరి చుట్టం. ఇంకోసారి వెళ్తే మాత్రం బిస్కెట్లు పెట్టనివ్వకండి. గడ్డి తిని చలికాలానికి కొవ్వు కట్టుకోవలసిన జంతువుకు మైదా, చక్కెర అలవాటు చేస్తే దాని ఒళ్లు చెడుతుంది. మనిషి దగ్గరికి భయం లేకుండా వచ్చే అడవి జంతువు ఏదైనా, కుక్కకు దొరుకుతుంది, కారు కింద పడుతుంది, కరుస్తుంది కూడా.

బంగారం వ్యాపారి కాబట్టి మీకు ఇది నచ్చుతుంది. భారతం సభాపర్వంలో ధర్మరాజు రాజసూయానికి ఉత్తర దేశపు రాజులు తెచ్చిన కానుకల్లో పిపీలిక బంగారం ఉంది. చీమలు తవ్వి తీసిన బంగారం, కుప్పలు కుప్పలుగా తెచ్చారని దుర్యోధనుడు తండ్రి దగ్గర కడుపుమంటతో చెబుతాడు. గ్రీకుల హెరొడోటస్ కూడా, భారతదేశపు ఉత్తరాన నక్క కంటే పెద్ద చీమలు బంగారు ఇసుక తోడతాయని రాశాడు. మిషెల్ పెసెల్ అనే ఫ్రెంచి యాత్రికుడు 1980ల్లో, ఆ చీమలు మార్మోట్లేనని వాదించాడు. సింధు నది ఎగువన దేవ్‌సాయి పీఠభూమిలో అవి బొరియ తవ్వి పోసిన మట్టిలో బంగారు రేణువులు ఉంటాయని, పూర్వం అక్కడి జనం ఆ మట్టి సేకరించేవారని ఆయన చెప్పాడు. అందరూ ఒప్పుకోలేదు గానీ నాకు ఆ వాదన నచ్చింది. తొలకరి పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూసినవాడిని, నేల తవ్వే జంతువు వెనక మనుషులు తిరగడం నాకు వింతగా తోచదు.

ప్రశ్న: మార్మోట్లను తెచ్చి పెనుకొండలో ఫారం పెట్టి పెంచవచ్చా?

జవాబు: వీల్లేదు. మన ఎండకు అది బతకదు, చట్టమూ ఒప్పుకోదు.

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర గొర్రెలు మేపుతాం సార్. మేత దగ్గర గొర్రె ఉన్నట్టుండి పడి చస్తే కోసుకుని తినడం మాకు అలవాటు. బాగా ఉడికిస్తే ఏమీ కాదంటారు. మీరు రాసినట్టు జబ్బులు దీంట్లోనూ ఉంటాయా?

జవాబు: ఉంటాయి అన్నా, మన జిల్లాల్లో ఉన్నదే దొమ్మ. ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. పొద్దున బాగా మేసిన గొర్రె సాయంత్రానికి చచ్చి, కడుపు ఉబ్బి, ముక్కులోంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దానికి కత్తి పెట్టొద్దు. ఉడికించడం తర్వాతి మాట, కోసేటప్పుడే చేతికి అంటుతుంది. మధ్యలో నల్లగా మాడినట్టు, నొప్పి లేని పుండ్లతో ఎంతమంది కాపరులు మా ఆసుపత్రికి వచ్చారో! పశువుల ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్న ఆ మనుషుల్ని నేనే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పెన్సిలిన్‌తో నయమవుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. పైగా కోస్తే క్రిమి గాలి తగిలి గింజలాంటి గట్టి రూపం కట్టి, నేలలో పదుల ఏళ్లు నిలుస్తుంది. ఆ గడ్డి మేసిన నీ మనవడి మందకు కూడా వస్తుంది. లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి, తోలుతో సహా పాతిపెట్టు. డాక్టరుకు కబురు చెయ్యి. మిగిలిన మందకు టీకా వేయించు. ఏటా వేయించాలి.

ఒక గొర్రె పోతే ఎన్ని వేలు పోయాయో నాకు తెలుసన్నా. అయినా ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ప్రశ్న: మైదుకూరు వైపు కేసీ కెనాల్ కింద వరి పెడతాం. ఎలుకలు గట్లు తవ్వి పంట నాశనం చేస్తున్నాయి. మా ఊరి యానాదులు వచ్చి పట్టుకుపోతారు, తింటారు కూడా. ఈసారి మందు కూడా పెడదామనుకుంటున్నాం. వాళ్లకేమైనా ప్రమాదమా?

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో నేను ఆత్రంగా జవాబు రాస్తున్నది మీకే. ప్రమాదమే. మందు, మనిషి రెండూ ఒకే పొలంలో వద్దు.

మనం వాడేవి ఎక్కువగా రెండు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువు పుట్టించి గంటల్లో చంపుతుంది. బ్రోమడియోలోన్ తిన్న ఎలుక కొన్ని రోజులు బతికే ఉంటుంది, లోపల నెత్తురు గడ్డకట్టే శక్తి పోతుంది, మందు కాలేయంలో పేరుకుంటుంది. ఆ రోజుల్లో అది మందకొడిగా తిరుగుతుంది, చేతికి ఊరికే దొరుకుతుంది. దాన్ని తిన్న కుక్కకూ, గుడ్లగూబకూ, మనిషికీ ఆ విషం చేరుతుంది. ఉడికిస్తే బ్రోమడియోలోన్ పోతుందని నమ్ముకోకూడదు.

నా సలహా అడిగితే మందు కంటే వాళ్లనే పిలవండి. ఊదర పెట్టడం నేను గట్టు మీద కూర్చుని చూసినవాణ్ణి. ముందు గట్టు పొడవునా నడిచి, ఏ కలుగు ముందు మట్టి తాజాగా ఉందో, ఏది పాతబడిందో కాలితో తాకి చెబుతారు. అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి కూరి నిప్పంటించి, మూతిని కలుగుకు ఆనించి, చుట్టూ బురదతో మెత్తుతారు. చిల్లులోంచి ఊదుతుంటే పొగ లోపలికి పోతుంది. ఇంకో ముగ్గురు గట్టు పొడవునా ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తుంటారు, ఎక్కడ సన్నగా పొగ లేస్తే అక్కడ మడమతో మూస్తారు. కాసేపయ్యాక తవ్వితే ఎలుకలు దొరుకుతాయి, పందికొక్కులు దాచుకున్న వరి కంకులూ దొరుకుతాయి. కంకులు వాళ్లకే వదిలేయడం మర్యాద, పైగా కూలి కూడా ఇవ్వండి. కంకులు దొరికాయి కదా అని కూలి ఎగ్గొట్టే ఆసాముల్ని చూశాను, నాకు ఒళ్లు మండుతుంది.

వాళ్లు ఎలుకల్ని పట్టేది వరి కంకి పాలు పోసుకునే దశకు ముందే అయితే మీకు లాభం ఎక్కువ. గట్లు సన్నగా, కలుపు లేకుండా పెట్టండి. లావు గట్టులో ఎలుక కాపురం పెడుతుంది.

మందు పెట్టక తప్పదనుకుంటే పెట్టేముందు యానాదుల వాడకు మీరే వెళ్లి, ఏ పొలంలో, ఏ రోజు పెడుతున్నారో పెద్దమనిషికి చెప్పండి. రాత పని చేయదు, నోటితో చెప్పాలి, ఆడవాళ్లకూ పిల్లలకూ తెలిసేలా చెప్పాలి. గట్టు రెండు చివర్లా ఎర్రగుడ్డ కట్టండి. ఆ పొలంలో ఆ పంట అయ్యేదాకా ఎవరూ ఎలుక పట్టకూడదు. చచ్చిన ఎలుకల్ని గట్టు మీద వదలకుండా మీ మనుషులే ఏరి లోతుగా పూడ్చాలి. పక్క రైతుల్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. మీరు కట్టిన ఎర్రగుడ్డ పక్క పొలంలో లేకపోతే లాభం లేదు, ఎలుకకు సర్వే నంబరు తెలియదు. మైదుకూరులో వ్యవసాయ అధికారిని అడిగితే ఊరంతా ఒకే రోజున ఎలుకల నివారణ పెట్టుకునే పద్ధతి చెబుతారు. ఆ రోజు ఏదో ముందుగా యానాదులకు తెలియాలి.